ఎనిమిది సున్నా తర్వాత

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక పాత స్నేహితుడొకడు వాట్సాప్‌లో వీడియో పంపాడు. మూడు నిమిషాలు కూడా లేదు. కింద "ఇంతకన్నా గొప్ప మ్యాచ్ ఉందా చెప్పు" అని ఒక లైను. తెరిచాను. 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్, ఆఖరి ఫ్రేము, ఆఖరి నల్ల బంతి. పెద్ద కళ్లద్దాలాయన ఆ బంతిని పాకెట్లో వేసి, క్యూను (బంతి కొట్టే కర్రను) రెండు చేతులా తల మీదికి ఎత్తి ఊపుతాడు. ఓడినాయన కుర్చీలో ముఖం పాలిపోయి కూర్చుంటాడు. అంతే.

"ఇది మ్యాచ్ కాదురా, మ్యాచ్ తోక" అని రాశాను. వాడికి కోపం వచ్చింది. "నీకు ప్రతిదానిలో వంకే" అన్నాడు. మర్నాడు ఫోన్ చేసి గంటసేపు వాదించుకున్నాం. తేలలేదు. ఫోన్లో వాడి గొంతు పెద్దది, ఇక్కడైతే నా మాటకు అడ్డు తగలలేడు. అందుకే రాస్తున్నాను.

మేమిద్దరం తొంభైల మొదట్లో నారాయణగూడ వైపు ఒక సందులో ఉన్న స్నూకర్ పార్లర్లో ఆట నేర్చుకున్నాం. ఇంట్లో ట్యూషన్ అని చెప్పేవాళ్లం. మూడు బల్లలు, వాటిలో ఒకదాని క్లాత్ మధ్య పాకెట్ దగ్గర చిరిగి టేపు అతికించి ఉండేది. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలి. మా పార్లర్లో అదే రూలు. లెక్క రాసే మార్కర్ పెద్దాయన. ఎవరైనా నాలుగు ఫ్రేములు వరసగా ఓడితే ఆయన మెల్లగా వచ్చి బంతులు సర్దడం మొదలుపెట్టేవాడు. "ఇంక చాల్లే బాబూ, డబ్బులు కట్టి ఇంటికెళ్లు" అని నోటితో అనకుండా చెప్పడం అది. నాకు చాలాసార్లు చెప్పాడు. ఈ సంగతి ఎందుకు ఎత్తానో కాసేపట్లో తెలుస్తుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బల్ల మీద పదిహేను ఎర్ర బంతులు, ఒక్కోటి ఒక పాయింటు. ఎర్రది వేశాక ఒక రంగు బంతి కొట్టే అవకాశం వస్తుంది. పసుపుకి 2, ఆకుపచ్చకి 3, బ్రౌన్‌కి 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకి 7. ఎర్రవి ఉన్నంతసేపూ వేసిన రంగు బంతి తిరిగి బల్ల మీదికి వస్తుంది. ఎర్రవన్నీ అయిపోయాక రంగులు ఇదే వరసలో పోతాయి. అదంతా కలిపి ఒక ఫ్రేము. 1985 ఫైనల్ ముప్ఫై ఐదు ఫ్రేములది. ముందుగా 18 గెలిచినవాడికి కప్పు, 60,000 పౌండ్లు. (ఈ ఆట 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో పుట్టిందని, రూల్స్ ఊటీ క్లబ్బులో కుదిరాయని అంటారు. మా వాడికి ఈ ముక్క చెబితే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.)

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊళ్లో క్రూసిబుల్ అని ఒక నాటకశాల ఉంది. వెయ్యి మంది కూడా పట్టరు. 1977 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడే. ఆ రోజుల్లో స్పాన్సర్ ఎంబసీ అనే సిగరెట్ బ్రాండు. ఒంటి మీద వెయిస్ట్‌కోటు, మెడకి బో టై, చుట్టూ సిగరెట్ పేరు. ఇప్పుడు చూస్తే వింతగా ఉంటుంది.

1985లో అక్కడ ఫైనల్‌కి వచ్చిన ఇద్దరిలో ఒకడు స్టీవ్ డేవిస్. లండన్ కుర్రాడు, ఇరవై ఏడేళ్లు. 1981, 1983, 1984 ప్రపంచ చాంపియన్. 1982లో టీవీలో చూపించిన మొట్టమొదటి 147 బ్రేక్ (ఒకే వంతులో బల్ల మీది బంతులన్నీ వేస్తే వచ్చే గరిష్ఠ స్కోరు) కొట్టింది అతనే. దానికి బహుమతిగా ఒక లాడా కారు ఇచ్చారు. ముఖంలో ఏ భావమూ కనిపించదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని అతని ఆట చూస్తే, తన వంతు ఇక రాదేమో అనిపించేంత నెమ్మది, నిబ్బరం.

రెండోవాడు డెన్నిస్ టేలర్. ఉత్తర ఐర్లండ్‌లో కోలైలండ్ అనే చిన్న ఊరివాడు. ముప్ఫై ఆరేళ్లు. 1979 ఫైనల్లో టెర్రీ గ్రిఫిత్స్ చేతిలో 24-16తో ఓడాడు. ఆ తర్వాత మంచి ఆటగాడే కానీ చాంపియన్ కాలేడు అని జనం తేల్చేసుకున్నారు. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి ఉద్యోగి ఒకడుంటాడు, పని బాగా చేస్తాడు, ప్రమోషన్ లిస్టు వచ్చేసరికి అతని పేరు ఎవరికీ తట్టదు. 1984లో తల్లి హఠాత్తుగా చనిపోయింది. ఆడుతున్న టోర్నమెంటు మధ్యలో వదిలేసి ఇంటికెళ్లిపోయాడు. ఆడాలని లేకపోయినా ఇంట్లోవాళ్లు సర్దిచెప్పి పంపితే, కొన్ని వారాల్లోనే గ్రాండ్ ప్రీ అనే టోర్నమెంటు ఫైనల్లో క్లిఫ్ థోర్‌బర్న్‌ని 10-2తో ఓడించాడు.

ఇక ఆ కళ్లద్దాలు. మామూలు కళ్లద్దాలతో స్నూకర్ ఆడిచూడండి. క్యూ మీదికి వంగి తలెత్తి చూస్తే, చూపు అద్దం పైనున్న ఫ్రేముకి తగులుతుంది. అందుకే టేలర్ అద్దాలు ఎత్తుగా, తలకిందులుగా తగిలించినట్టు ఉండేవి. కామెంటేటర్ జాక్ కార్నెమ్ చేసిపెట్టినవి. జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, ఇప్పుడు నాకూ కళ్లద్దాలున్నాయి కాబట్టి నవ్వడం లేదు.

ఏప్రిల్ 27, శనివారం. మధ్యాహ్నం సెషన్లో ఏడు ఫ్రేములు. డేవిస్ 7, టేలర్ 0. సాయంత్రం మళ్లీ మొదలయ్యాక తొలి ఫ్రేము కూడా డేవిస్‌దే. ఎనిమిది, సున్నా.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. ఆ మ్యాచ్‌ని అందరూ ఆదివారం అర్ధరాత్రి నల్ల బంతితో గుర్తుపెట్టుకుంటారు. నా లెక్కలో అది శనివారం రాత్రి మ్యాచ్. తొమ్మిదో ఫ్రేములో డేవిస్ సేఫ్టీ (బంతి వేయబోకుండా, ఎదుటివాడికి అవకాశం దొరక్కుండా కొట్టే దెబ్బ) ఆడాల్సిన చోట కష్టమైన ఆకుపచ్చ బంతికి పోయాడు. ఎనిమిది సున్నా మీద ఉన్నవాడు పోకూడదా? నేనైనా పోతాను. తప్పింది. టేలర్ ఆ ఫ్రేము తీసుకున్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు, కాఫీ తెచ్చుకోవడానికి లేచి ఉంటారు. కానీ ఆ రాత్రి ఆగేసరికి స్కోరు 9-7. ఎనిమిది సున్నా తర్వాత ఆడిన ఎనిమిదింటిలో టేలర్‌వి ఏడు, డేవిస్‌ది ఒకటి. మా నారాయణగూడ మార్కరైతే అప్పటికి బంతులు సర్దేసి లైటు కూడా తీసేసేవాడు.

మా వాడు ఒప్పుకోడు. "టెన్షన్ అంతా చివర్లోనే కదా" అంటాడు. చివర్లోనే, కాదనను. కానీ 2001లో ఈడెన్ గార్డెన్స్ టెస్టు గుర్తుచేసుకోండి. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్ 445, మనవాళ్లు 171కి ఆలౌట్, 274 వెనకబడి ఫాలో ఆన్. అక్కడ నుంచి మన లక్ష్మణ్ 281, ద్రావిడ్‌తో కలిసి 376 పరుగులు. నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు. ఐదో రోజు సాయంత్రం హర్భజన్ బంతికి మెక్‌గ్రాత్ ఎల్బీ కావడంతో మ్యాచ్ ముగిసింది. ఎవడైనా ఆ ఎల్బీ ఒక్కటీ చూపించి "ఇదే ఈడెన్ టెస్టు" అంటే, హైదరాబాదులో పుట్టిన ఏ మనిషైనా ఊరుకుంటాడా? ఈ ప్రశ్న వేస్తే ఫోన్లో మా వాడు నిమిషం పాటు మాట్లాడలేదు. తర్వాత "అది వేరు" అన్నాడు. ఎందుకు వేరో ఇంతవరకు చెప్పలేదు.

ఈ గొడవ పడుతుండగా నాకొక లెక్క దొరికింది. ముప్ఫై ఐదింటిలో మొదటి ఎనిమిది తీసేయండి. మిగిలినవి ఇరవై ఏడు. అందులో టేలర్ గెలిచినవి 18, డేవిస్ గెలిచినవి 9. సరిగ్గా రెండింతలు. నల్ల బంతి క్లిప్పు చూసినవాళ్లకు ఇద్దరూ సమానంగా ఆడారని, చివరికి అదృష్టం ఒకడి వైపు మొగ్గిందని అనిపిస్తుంది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం అర్ధరాత్రి దాకా బల్ల దగ్గర మెరుగ్గా ఆడినవాడు టేలర్. మూడు నిమిషాల వీడియోలో ఇది కనపడదు.

ఇంకో లెక్క. ఆ ఫైనల్ మొత్తంలో ఆఖరి బంతి పడేదాకా టేలర్ ఒక్కసారి కూడా ముందంజలో లేడు. 11-11 అయింది, 15-15 అయింది, 17-15 నుంచి 17-17 అయింది. ప్రతిసారీ పట్టుకున్నాడే తప్ప దాటలేదు. అంటే ఐదుకి, తొమ్మిదికి, పదికి, పదమూడుకి, చివరికి పదిహేడుకి కూడా ముందు చేరింది డేవిసే. ఆ మ్యాచ్‌ని తొమ్మిది ఫ్రేములకు కుదించండి, డేవిస్ 5-0. పదిహేడుకి కుదించండి, అప్పుడూ డేవిసే. ముప్ఫై మూడు చేసినా డేవిసే, 17-15. ముప్ఫై ఐదు అయితే తప్ప టేలర్ గెలవడు.

ఈ లెక్క నేను గర్వంగా చెబితే మా వాడు పట్టుకున్నాడు. "అయితే ముప్ఫై ఏడు పెడితే ఎవరు గెలిచేవాడో నీకేం తెలుసు? అదృష్టమనే కదా దీనర్థం!" మంచి దెబ్బే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ పొడుగు మ్యాచులు పెట్టేదే అదృష్టం వాటా తగ్గించడానికి. ఒక్క ఫ్రేములో ఎవడైనా ఎవణ్నైనా ఓడిస్తాడు. ముప్ఫై ఐదింటిలో మాత్రం మంచి ఆటగాడే పైకి తేలతాడు. అంటే ఆ ఫార్మాట్ డేవిస్‌కి అనుకూలం. అతనికి అచ్చొచ్చిన చోటే, అతనికి ఎనిమిది ఫ్రేములు కట్నంగా ఇచ్చి మరీ టేలర్ గెలిచాడు.

అలాగని ఎంత పొడుగైతే అంత గొప్ప అనడం లేదు. 1946 ఫైనల్ జో డేవిస్‌కి, హొరేస్ లిండ్రమ్‌కి మధ్య లండన్‌లో జరిగింది. ఎన్ని ఫ్రేములో తెలుసా? నూట నలభై ఐదు! రెండు వారాలు ఆడారు. జో డేవిస్ 78-67తో గెలిచాడు. 73 దగ్గరే అయిపోవాలి కదా అంటారేమో. ఫలితం తేలాక కూడా మిగిలినవి ఆడేవాళ్లు, టిక్కెట్లు అమ్మేశారు మరి. పెళ్లయిపోయాక కూడా బ్యాండు మేళం మాట్లాడుకున్న గంటలు పూర్తయ్యేదాకా వాయించినట్టు. 1977లో క్రూసిబుల్‌కి వచ్చిన ఏడాది ఫైనల్ 49 ఫ్రేములది, 1980లో 35 చేశారు. అప్పటి నుంచి అంతే. రెండు రోజులు, నాలుగు సెషన్లు. ఒకడు కుప్పకూలి, ఒక రాత్రి పడుకుని లేచి, మళ్లీ పుంజుకోవడానికి సరిపోయే కొలత.

నిజం చెప్పాలంటే ఈ ఆటని జనంలోకి తెచ్చింది పొడుగు మ్యాచులు కావు. 1969లో కలర్ టీవీ వచ్చిన కొత్తలో బీబీసీ పాట్ బ్లాక్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మ్యాచ్ అంటే ఒక్క ఫ్రేమే. రంగుల బంతులు, ఆకుపచ్చ బల్ల, కలర్ టీవీ అమ్ముకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ అరగంట ఆటతో అలవాటు పడ్డ జనమే, 1978 నుంచి బీబీసీ క్రూసిబుల్‌ని రోజూ చూపించడం మొదలుపెట్టాక రాత్రుళ్లు మేలుకున్నారు. అంటే పొట్టి ఆట వాకిలి లాంటిది. వాకిట్లోనే కూర్చోబెట్టి పంపేస్తే వచ్చినవాడికి ఇల్లు ఎలా ఉంటుందో తెలియదు.

మనకు జరిగింది అదే అని నా అనుమానం. ప్రొఫెషనల్ స్నూకర్ మన ఊళ్లకు రెండుసార్లు వచ్చింది. 2016లో ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగింది, ఆంథొనీ మెగిల్ గెలిచాడు. 2017లో అదే టోర్నమెంటు విశాఖపట్నంలో, సముద్రం ఎదురుగా హోటల్లో. ఫైనల్లో జాన్ హిగిన్స్ ఆ మెగిల్‌నే 5-1తో ఓడించాడు. ఫైనల్‌కి ముందు మ్యాచులన్నీ ఏడు ఫ్రేములవి, నాలుగు గెలిస్తే చాలు. ఫైనల్ తొమ్మిదిది. అదే కొలతలో 1985 ఫైనల్ పెట్టి ఉంటే శనివారం మధ్యాహ్నం టీ టైముకి అయిపోయేది. డెన్నిస్ టేలర్ పేరు ఇవాళ ఎవరూ తలవరు. పెద్దవాళ్లు వచ్చారని సంతోషించాలా, వాళ్ల ఆటలో పొట్టి ముక్కే మనకు పెట్టారని బాధపడాలా? నేను రెండూ చేశాను. టోర్నమెంటు పెట్టేవాళ్లకు టీవీ టైమూ, హాలు అద్దే ముఖ్యం, తెలుసు. అయినా మన ప్రేక్షకులు అంత ఓపిక లేనివాళ్లేం కాదు. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లారేదాకా నడిచే పద్య నాటకాలకు చాపలు వేసుకుని కూర్చుని, కాటి సీను పద్యానికి వన్స్ మోర్ కొట్టినవాళ్ల మనవలమే కదా.

సరే, నల్ల బంతి దగ్గరికి రాకపోతే మా వాడు ఊరుకోడు. 17-17. ఆఖరి ఫ్రేము ఒక్కటే 68 నిమిషాలు పట్టింది. మూడు నిమిషాలు చూసి మురిసిపోయినవాళ్లు ఈ 68 నిమిషాలూ చూస్తే తెల్లబోతారు. అంత గొప్పగా ఏం ఉండదు! ఇద్దరికీ చేతులు కట్టేసినట్టుంటుంది. మామూలు రోజున కళ్లు మూసుకుని వేసే బంతులు తప్పుతారు. ఒకడు సేఫ్టీ ఆడితే ఇంకొకడు సేఫ్టీ. రెండు రోజుల అలసట, భయం ఆ బల్ల మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. మా పార్లర్లో ఇలా ఆడితే పక్క బల్లవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఆ ఫ్రేము ఇష్టమైంది అందుకే.

చివరికి బల్ల మీద నాలుగు బంతులు మిగిలాయి. బ్రౌన్, నీలం, గులాబీ, నలుపు. డేవిస్ 62, టేలర్ 44. మిగిలిన పాయింట్లు 22. డేవిస్‌కి ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి పడినా చాలు. టేలర్‌కి నాలుగూ కావాలి. దూరం నుంచి బ్రౌన్ వేశాడు. నీలం వేశాడు. గులాబీ వేశాడు. 62-59. ఎవరు నల్ల బంతి వేస్తే వాళ్లు ప్రపంచ చాంపియన్.

అక్కడ నుంచి టేలర్ నల్ల బంతిని కుషన్‌కి (బల్ల అంచుకి) కొట్టి మధ్య పాకెట్లోకి తిప్పబోయాడు, పడలేదు. మళ్లీ ప్రయత్నాలు, సేఫ్టీలు. ఒక దశలో డేవిస్‌కి అవకాశం వచ్చింది. సన్నగా తగిలించాల్సిన కట్. మరీ సన్నగా తగిలింది, బంతి పక్కకి పోయింది. కామెంటరీలో టెడ్ లో "నో!" అన్నాడు. గుసగుసగా మాట్లాడటానికే పేరుపడ్డ మనిషి నోట్లోంచి ఊడిపడిన మాట అది. టేలర్ వచ్చి వేశాడు. 66-62. మ్యాచ్‌లో అతను ముందంజ వేసింది అదే మొదటిసారి, ఆ తర్వాత ఆడటానికి బంతి లేదు. టైము అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలు. బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది చూస్తున్నారు, దేశంలో మూడో వంతు.

కాసేపటికి డేవిస్ ముందు మైకు పెట్టి బీబీసీ యాంకర్ డేవిడ్ వైన్ ఏవో అడుగుతుంటే అతనికి నోట మాట రాలేదు. నాకు ఆ ఇంటర్వ్యూ నల్ల బంతి కన్నా ఎక్కువ గుర్తు. ఒకడు శనివారం రాత్రి ఇంకో రెండు మూడు ఫ్రేములు గట్టిగా పట్టుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదని లెక్క వేసుకుంటూ కూర్చున్నట్టుంటుంది. ఇది నా ఊహ. ఓడి, టేబుల్ డబ్బులు కట్టి, నారాయణగూడ నుంచి ఇంటికి నడుచుకుంటూ వెళ్లినవాడి ఊహ.

తర్వాత టేలర్ మళ్లీ ప్రపంచ ఫైనల్‌కి రాలేదు. 1986లో మొదటి రౌండ్‌లోనే మైక్ హాలెట్ చేతిలో పోయాడు. అదే ఏడాది డేవిస్ మళ్లీ ఫైనల్‌కి వచ్చి, ఎవరూ లెక్కలోకి తీసుకోని జో జాన్సన్ చేతిలో 18-12తో ఓడాడు. వరసగా రెండేళ్లు. ఇంకెవరైనా అయితే అక్కడితో సరి. ఇతను 1987, 1988, 1989 మూడూ గెలిచాడు. 2010లో, యాభై రెండేళ్ల వయసులో, అదే క్రూసిబుల్‌లో అప్పటి చాంపియన్ని 13-11తో ఇంటికి పంపాడు. ఆ చాంపియన్ జాన్ హిగిన్స్, ఏడేళ్ల తర్వాత మన వైజాగ్‌లో కప్పు ఎత్తినాయనే.

ఇదంతా రాసి మా వాడికి ముందే పంపాను, మర్యాద కోసం. సాయంత్రానికి జవాబు వచ్చింది. "సరే, నీ శనివారం రాత్రి చూస్తా. ఆ తొమ్మిదో ఫ్రేము లింకు పంపు."

వెతికాను. నా దగ్గర దాచుకున్నవాటిలో ఆఖరి ఫ్రేమే ఉంది, తొమ్మిదోది లేదు. ఆ మాట వాడికి చెప్పడం ఇష్టంలేక 68 నిమిషాల వీడియోనే పంపి, "ముందు ఇది మొత్తం చూడు, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

పావుగంటకి మెసేజ్ వచ్చింది. "ఒరేయ్, ఇంకా ఎర్ర బంతులే అవలేదేంట్రా?"